చూచిరాత ఉంటుంది, కాకపోతే పది నిమిషాలే

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన మీటింగులో చాలామంది అడిగారు: "ఇంట్లో ట్యాబ్ ఉంది కదా మేడమ్, ఇంకా ఈ చూచిరాత ఎందుకు?" అప్పుడు టైం చాలలేదు. ఈ విషయంలో నన్ను బాగా ఆలోచింపజేసింది చైనా పిల్లలపై జరిగిన పరిశోధన.

అక్కడ ఆరో తరగతి అయ్యేసరికి పిల్లలు దాదాపు 3,000 లిపి గుర్తులు గుర్తుపట్టాలి, 2,500 రాయాలి. ఉదాహరణకు 'చింగ్' అని పలికే ఒక గుర్తుంది. దానికి ఎడమ పక్కన మూడు నీటి చుక్కలు పెడితే తేటదనం. చుక్కల బదులు సూర్యుడి గుర్తు పెడితే మబ్బులేని ఆకాశం, మాట గుర్తు పెడితే ఆహ్వానం, హృదయం గుర్తు పెడితే మనోభావం. పలకడం అన్నీ చింగే, స్వరంలో మాత్రం కాస్త తేడా. పక్కనున్న ఆ చిన్న గీతల మీద కన్ను పడకపోతే పిల్లవాడికి అర్థం తప్పిపోతుంది.

2004లో బీజింగ్ పిల్లల మెదడు స్కాన్లతో చేసిన అధ్యయనం 'నేచర్' పత్రికలో వచ్చింది. చదవడానికి ఇబ్బంది పడే పిల్లల్లో, ఎడమ మెదడు ముందు భాగంలో ఒక మధ్య మడత తక్కువగా పనిచేస్తోందని తేలింది. ఇంగ్లీషు చదవలేని పిల్లల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇంకా వెనక, చెవి పైభాగాన ఉంటుంది. గుర్తు ఆకారాన్నీ, శబ్దాన్నీ, అర్థాన్నీ ఒకేసారి మనసులో నిలుపుకోవడానికి ఆ మడత అవసరమని పరిశోధకుల వివరణ. మరుసటి ఏడాది అదే బృందం ఇంకోటి చెప్పింది: చైనీస్ పిల్లల చదువుకు, వాళ్లు చేత్తో రాసే నైపుణ్యానికి గట్టి సంబంధం ఉంది. 2013 అధ్యయనంలోనైతే, ఇంట్లో పిన్‌యిన్ పద్ధతిలో, అంటే రోమన్ అక్షరాలతో ఎక్కువ టైప్ చేసే పిల్లలకు చదవడంలో మార్కులు తక్కువగా వచ్చాయి. టైపింగ్ వల్లే అలా జరిగిందని మాత్రం అది రుజువు చేయలేదు. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసే ముందు ఈ వాక్యం కూడా పంపండి!

ఇదంతా మనకు ఉన్నదున్నట్టు వర్తించదు. తెలుగులో అక్షరమే శబ్దం చెబుతుంది. అయితే 2012లో ఫ్రెంచ్, చైనీస్ చదివే పెద్దవాళ్లను పోల్చి చూస్తే, ఆకారాన్ని పట్టే వ్యవస్థ, చేతి కదలికను గుర్తుపెట్టుకునే వ్యవస్థ రెండూ ఇద్దరిలోనూ కనిపించాయి. పాళ్లే వేరు. మన ఒత్తులు, గుణింతాలు చేత్తో దిద్దించడం దండగ కాదని నాకు అనిపించడానికి కారణం ఇదే.

అందుకే జూనియర్ తరగతుల్లో చూచిరాత రోజుకు పది నిమిషాలు కొనసాగుతుంది. పిల్లలు పైకి చదువుతూ రాస్తారు. తప్పుకు శిక్షగా వందసార్లు రాయించడం మాత్రం ఆపేశాం, ఇంట్లోనూ వద్దు. ఏడెనిమిదేళ్లు వచ్చినా అక్షరాలు కలిపి చదవలేక టెన్షన్ పడే పిల్లలుంటే, బద్ధకమని తిట్టకండి. శనివారం లోపు క్లాస్ టీచర్‌కు ఒక మాట చెప్పండి, కలిసి కూర్చుని చూద్దాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు