ఆ ఇన్విజిలేటర్ మేడమ్‌కి

మేడమ్, మీ పేరు కూడా అడగలేకపోయాను. మొన్న పదో తరగతి లెక్కల పరీక్షలో మా వాడు గొంతులోంచి పదే పదే శబ్దం చేస్తుంటే (టిక్స్ అంటారు, ఆపుకోలేక పదే పదే వచ్చే శబ్దాలు, కదలికలు, కావాలని చేసేది కాదు) పక్క పిల్లలు నవ్వారట, మీరు మాత్రం ఆపమనలేదు, మెల్లగా వాణ్ణి చివరి బెంచీకి మార్చి, మధ్యలో రెండుసార్లు నీళ్లు తాగి రమ్మని బయటికి పంపారట. ఆపమంటే టెన్షన్‌తో ఇంకా ఎక్కువవుతాయని మాకు అర్థం కావడానికే మూడేళ్లు పట్టింది! బడిలో ఇదే శబ్దానికి తరగతి బయట నిలబెట్టేవాళ్లు. పగలంతా బలవంతంగా అణుచుకుని, ఇంటికొచ్చాక మెడ నొప్పెట్టేదాకా విదిలించేవాడు. ఆరోజు గేటు దగ్గరికి నవ్వుతూ వచ్చి ముందు మీ గురించే చెప్పాడు, పేపరు ఎలా రాశాడో తర్వాతే. చాలా థాంక్స్ మేడమ్.