చెరువు పోరంబోకు ఖాళీ స్థలం కాదు

సంపాదక మహాశయులకు నమస్కారాలు.

పది రోజుల కిందట తమ పత్రిక జిల్లా పేజీలో, మా చెరువు లోతట్టున, అంటే కట్టకు ఎదుట నీరు పరుచుకునే వైపు, ‘నిరుపయోగంగా పడి ఉన్న’ భూమిని మట్టి తోలి చదును చేసి వాకింగ్ ట్రాకు, ఫుడ్ కోర్టు, సెల్ఫీ పాయింటు కట్టబోతున్నారన్న వార్త చదివాను. ఏ చెరువో, ఎవరి ఆలోచనో మళ్లీ చెప్పనక్కర లేదు. వారం నుంచి టీ అంగళ్లలో అదే మాట. ఆ రోజే రాద్దామనుకున్నాను గాని, కోపం మీద రాసిన ఉత్తరం ఎవరూ అచ్చు వేయరని మా ఇంట్లో అనడంతో ఆగాను. ఆగినందువల్ల కోపం తగ్గలేదు.

అయ్యా, ఆ భూమి నిరుపయోగంగా లేదు. అది చెరువే. వైశాఖ మాసంలో చెరువు అలాగే ఉంటుంది. మన వైపు చెరువులు ముఖ్యంగా ఈశాన్య రుతుపవనాల మీద, బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాల మీద ఆధారపడి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఎక్కువగా చిత్త, స్వాతి, విశాఖ కార్తెల్లో నిండుతాయి. సంక్రాంతికి నిండు గర్భిణిలా ఉన్న చెరువు ఉగాది దాటాక కట్ట వైపు తగ్గుతూ వచ్చి, రోహిణి నాటికి తూము ముందరి గుంటలో నాలుగు బర్రెలు పడుకునేటన్ని నీళ్లతో మిగులుతుంది. లోతట్టున వాలు చాలా తక్కువ కాబట్టి ఒక అడుగు నీరు తగ్గితే అంచు ఎన్నో గజాలు వెనక్కి జరుగుతుంది. వానల్లో అంతే దూరం ముందుకు వస్తుంది. ఇది తాతల కాలం నుంచీ ఏటా జరుగుతున్నదే. తమ విలేఖరి మే నెలలో వచ్చి, పొడి నేల చూసి, ఖాళీ స్థలమని రాసి వెళ్లారు. డిసెంబరులో వచ్చి ఉంటే ఆ రాతకు పడవ కావలసి వచ్చేది.

ఆ ‘ఖాళీ’లో ఏముందో చెబుతాను. నీరు వెనక్కి తగ్గిన తడి అంచు వెంబడి తుంగ, తూటికూర, పొన్నగంటికూర మొలుస్తాయి. కూర కోసుకుపోయే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, తమ ఫొటోలో పడలేదంతే. పశువులకు మా ఊళ్లో వేసవి మేత అదే. ఎండి నెర్రెలిచ్చిన బురద కింద నత్తలు గుల్ల మూత బిగించుకుని వానల దాకా నిద్రపోతాయి, తొలి వానకు బయటికి వస్తాయి, వాటి కోసం నత్తగుల్ల కొంగలు దిగుతాయి. ఇంకా పైకి, గరుసు నేల మీద, తీతువు పిట్ట గూడంటూ కట్టుకోకుండా రాళ్ల మధ్యనే నాలుగు గుడ్లు పెట్టి, మనిషి కనబడితే నెత్తి మీద గోల చేస్తూ తిరుగుతుంది. ఆ గుడ్లు గులకరాళ్లలో కలిసిపోయి కంటికి ఆనవు. జేసీబీకి అసలే ఆనవు. ఎండాకాలంలో ఆ అడుగునుంచి ఒండ్రుమట్టి తోలుకున్న పొలాలకు రెండేళ్లు వేరే ఎరువు పెద్దగా అక్కర లేదని మా నాయన అనేవారు. ఒండ్రు తీస్తే చెరువుకు లోతు, పొలానికి బలం. ఇప్పుడు మన పెద్దలు అదే చెరువులోకి బయటి నుంచి మట్టి తోలుతామంటున్నారు.

అన్నట్టు, వార్త పక్కన వేసిన కొంగల బొమ్మ కింద ‘విదేశీ అతిథులు’ అని అచ్చయింది. అవి నత్తగుల్ల కొంగలు, ఈ దేశపు పక్షులే. సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టులో, నీళ్లలో నిలబడి బతికే చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు (పెలికాన్లు) కూడా విదేశాల నుంచి వచ్చినవి కావు. 1976లో రక్షిత కేంద్రమైన ఆ నేలపట్టు ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది. అక్కడ గూట్లో పిల్లలను పెట్టుకున్న గూడబాతు వాటి మేతకు పులికాట్ సరస్సుకూ, చుట్టుపక్కల చెరువులకూ ఎగిరి వెళ్తుంది. పక్షుల పండుగకు జనవరిలో వేదికలు కట్టి ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు, ఆ పక్షి తిండి ఎక్కడ తెచ్చుకుంటుందో ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేది. పైగా 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు సాగునీటి కోసం మనుషులు కట్టుకున్న చెరువులను తమ పరిధి నుంచి మినహాయించాయి. ఏది దేవుడు చేసిన నీరో, ఏది రైతు కట్టిన నీరో కొంగకు ఎవరు చెబుతారో తెలియదు.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా బడిలో భూగోళం చెప్పినవాణ్ణి. ఏటా పిల్లలను తిరుమల ఘాట్ రోడ్డుకు తీసుకువెళ్లి, కింద గ్రానైటు, దాని నెత్తిన పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు కలిసే గీతను చూపించేవాణ్ణి. ఆ రెండు రాళ్ల మధ్య సుమారు 80 కోట్ల సంవత్సరాల లెక్క కనిపించదు. ఆ కాలపు రాయి అక్కడ లేదు. ఆ లేకపోవడమే గొప్ప సంగతని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వాళ్లు దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. కాలంలో ఖాళీకి అక్కడ అంత మర్యాద దక్కితే, కొండ కింద నేలలో ఖాళీకి ఫుడ్ కోర్టు దక్కుతున్నది. మా చెరువు కూడా ఆ పాత గ్రానైటు మీదే ఉంది. రెండు గుట్టల మధ్య సందును మట్టికట్టతో మూసి, లోపలి వైపు రాళ్లు పరిచి, ఒక పక్క రాతిబండ మీద మొరవ, అంటే నిండిన నీరు పొర్లిపోయే అలుగు, పెట్టారు. పుచ్చిన గ్రానైటు గరుసులోంచీ, కింది పగుళ్లలోంచీ ఇంకే నీరే కట్ట దిగువ బావులకు, బోర్లకు ఆధారం. వాకింగ్ ట్రాకు వేయబోయే చోటు ఆ ఇంకుడుకు నోరు.

ఇంత చెప్పినా, సుందరీకరణకు అడ్డుపడే ముసలివాడనే పేరు నాకు వస్తుందని తెలుసు. అందువల్ల 2021 నవంబరును గుర్తు చేస్తున్నాను. విశాఖ కార్తె ముగిసే వేళ పట్టిన వాన తిరుపతి వీధులను ముంచింది. రాయలచెరువు కట్టకు గండి పడేలా ఉందని దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు, ఇసుక బస్తాలతో కట్టను కాపాడుకున్నారు. పక్కనే కడప జిల్లాలో, నవంబరు 19న, చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది. ఆ రాత్రుళ్లు మా ఊళ్లో ఎవరూ పడుకోలేదు. చెరువు లోతట్టున ఎంత మట్టి పోస్తే అంత నీటికి చోటు పోతుంది. చోటు పోయిన నీరు మొరవ మీద ఎత్తుగా పొర్లుతుంది, కట్టను నెడుతుంది. దీనికి ఇంజనీరింగు చదవనక్కర లేదు, నిండు బిందెలో చెయ్యి పెట్టి చూస్తే చాలు. తిరుపతిలో తాతయ్యగుంట, కొర్లగుంట, కొరమేనుగుంట అని పేర్లు మాత్రం దర్జాగా ఉన్నాయి. కొరమేనుగుంటలో ఉన్నవాళ్లు కొరమీను తినాలంటే మార్కెట్టుకు పోవాల్సిందే. వాన వస్తే మాత్రం నీళ్లకు ఆ పాత చిరునామాలు బాగా గుర్తు.

చట్టం తెలియదని కూడా అనలేరు. 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు, వానాకాలంలో విస్తీర్ణం మారుతూ ఉండే కుంటలో ఏ భాగాన్నీ ఇళ్లకు గాని అటువంటి మరే కట్టడాలకు గాని కేటాయించరాదని చెప్పింది. విస్తీర్ణం మారుతుందని ఢిల్లీలో కూర్చున్న న్యాయమూర్తులకు తెలిసింది, చెరువు గట్టున పుట్టిన మనవాళ్లకు తెలియలేదు. ఈ తీర్పు ప్రతిని జతచేసి, చెరువు పూర్తి మట్టానికి హద్దురాళ్లు పాతమని, నేను నిరుడు వేసవిలో ఒక కార్యాలయంలో అర్జీ ఇచ్చాను. అక్కడి ఉద్యోగి, ‘నీళ్లే లేవు కదండీ, హద్దు ఎక్కడని పెట్టమంటారు’ అన్నారు. సరేనని మార్గశిరంలో, నీళ్లు అంచు దాకా ఉన్నప్పుడు వెళ్లాను. ‘ఇంత నీళ్లలో సర్వే ఎట్లా చేస్తారండీ, ఎండాకాలం రండి’ అన్నారు. ఎండాకాలం వచ్చింది. నేను వెళ్లేలోపు ఫుడ్ కోర్టు ప్లాను వచ్చింది. దానికి కొలతలు వేయడానికి మాత్రం నీళ్లు ఉండటమో లేకపోవడమో అడ్డు రాలేదు. పూర్వం చెరువుకో నీరుగట్టి, అంటే నీళ్లు చూసుకునే మనిషి, ఉండేవాడు. బడి మొగం చూడని ఆ మనిషి ఏ రాయి దాకా నీరొస్తే మొరవ పారుతుందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఇప్పుడు ఉపగ్రహ చిత్రాలున్నాయి, ఆ రాయి ఏదో చెప్పేవాడు లేడు.

మొరవ మట్టమే చెరువు పూర్తి మట్టం. ఆ ఎత్తును పరికరంతో లోతట్టు చుట్టూ తిప్పి రాళ్లు పాతడం, ఎండాకాలంలో నాలుగు రోజుల పని. రోహిణి కార్తె పోకముందే అది చేయించి, ఆ గీతకు అవతల ఎన్ని సెల్ఫీ పాయింట్లు కట్టుకున్నా మాకు అభ్యంతరం లేదు.

చివరగా తమకొక మనవి. ఆ వార్తకు తాము వేసిన ఫొటోను మళ్లీ ఒకసారి చూడండి. ‘ఖాళీ స్థలం’ నడుమ ఒక నల్లతుమ్మ చెట్టు ఉంది, దాని కింద తమ విలేఖరి మోటారు సైకిలు ఆపి ఉంది. చెట్టు మొదలు మీద, మోటారు సైకిలు అద్దానికి జానెడు ఎత్తున, బురద అంటి ఎండిన బూడిదరంగు గీత ఒకటి స్పష్టంగా అచ్చులో కనిపిస్తున్నది. అది నిరుటి నీటి గుర్తు.

ఇట్లు,
చెరువు కింద ఎకరన్నర ఉన్న విశ్రాంత ఉపాధ్యాయుడు,
తిరుపతి.