బ్యాంకులోనే ఆగిపోయిన ఉత్తరాలు

ఒరేయ్ సూరీ,

ముందు తిట్టాలనుకున్నవన్నీ తిట్టేయ్, వింటాను. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఇక్కడ అందరూ క్షేమం, పనులు నడుస్తున్నాయి, కొత్త సంగతులేం లేవు. ఏడో నంబరు పెట్టె నా దగ్గరే భద్రంగా ఉంది, మూత తియ్యలేదు, ఒట్టు. సరే, అయిపోయింది.

నువ్వు చివర్లో ఒక ముక్క రాసి వదిలేశావు చూడు, "స్విస్ బ్యాంకులో నంబరు ఖాతా అంటే ఇప్పటికీ పేరు బయటికి రాదంటావా?" అని. దానికి జవాబు చెప్పకపోతే నాకు కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

నంబరు ఖాతాకు పేరు లేకపోవడం అనేది అసలు లేదురా. పేరు బ్యాంకుకి తెలుసు. కాకపోతే లోపల కొద్దిమందికే తెలుసు, రోజువారీ కాగితాల మీద నంబరే కనిపిస్తుంది. 1934 బ్యాంకింగ్ చట్టంలో 47వ అధికరణ ప్రకారం ఖాతాదారు గుట్టు బయటపెట్టిన ఉద్యోగి మీద క్రిమినల్ కేసే. కానీ నన్నడిగితే అసలు గుట్టు నంబరులో లేదు, పోస్టులో ఉంది. స్టేట్‌మెంటు ఇంటికి పంపితే కవరు మీద బ్యాంకు పేరు చూసి నలుగురూ ఆరా తీస్తారు. అందుకని "నా ఉత్తరాలు మీ దగ్గరే ఉంచండి" అని రాసిచ్చే ఏర్పాటు ఒకటుంది, జర్మన్‌లో 'బాంక్‌లాగెర్న్ట్' అంటారు. ఖాతాదారు ఎప్పుడో వచ్చినప్పుడు ఆ కవర్లన్నీ అక్కడే విప్పి చూసుకుని, అక్కడే పారేయించి చేతులూపుకుంటూ వెళ్లిపోవచ్చు. (నా జవాబు కూడా అలా ఏ బ్యాంకులోనో ఆగిపోయిందనుకో, తిట్లు కాస్త తగ్గుతాయి.)

ఈ ఉత్తరాల సంగతికే మళ్లీ వస్తాను, మర్చిపోకు. ముందు పళ్ల కథ. 2008 మార్చిలో స్విస్ ఆర్థికమంత్రి హాన్స్-రుడాల్ఫ్ మెర్జ్ పార్లమెంటులో, మా బ్యాంకు గుట్టును కొరకబోతే మీ పళ్లే విరుగుతాయని బయటి దేశాలకు సవాలు విసిరాడు. ఏడాది తిరిగేసరికి, 2009 మార్చి 13న, పన్ను సమాచారం విషయంలో ఓఈసీడీ (ధనిక దేశాల ఆర్థిక సంఘం) ప్రమాణానికి ఒప్పుకుంటున్నామని ఆయనే ప్రకటించాడు! అంతకుముందు వాళ్ల వాదన చిత్రంగా ఉండేది. దొంగ కాగితాలు సృష్టించి పన్ను ఎగ్గొడితే నేరం, ఆదాయం చెప్పకుండా ఊరుకుంటే మాత్రం క్రిమినల్ నేరం కాదు. కాబట్టి రెండో రకం కేసులో ఏ దేశం అడిగినా సమాచారం ఇవ్వం అనేవాళ్లు. ఆ మధ్య ఏడాదిలో ఏమైందంటే స్విస్ పెద్ద బ్యాంకు యూబీఎస్. 2009 ఫిబ్రవరిలో ఆ బ్యాంకు పన్ను ఎగవేత కేసులో అమెరికాకి 78 కోట్ల డాలర్లు కట్టి, కొన్ని వందల ఖాతాదారుల పేర్లు అప్పగించింది. ఆగస్టు ఒప్పందంలో మరో 4,450 ఖాతాలు. అడ్డు తీయడానికి ఒక సందు చాలు, తర్వాత గోడ దానంతటదే...

సరే, అది వదిలేయ్. ఫాట్కా చెప్పాలి. అమెరికన్ల ఖాతాల వివరాలు బయటి దేశాల బ్యాంకులు చెప్పాలంటూ 2010లో అమెరికా చేసిన చట్టం, 2014 జులై నుంచి అమలు. బయటి దేశాల మీద నా చట్టం చెల్లదు కదా, మరి వాళ్ల బ్యాంకుల నోరు ఎలా విప్పించాలి? అమెరికా నుంచి వెళ్లే వడ్డీ, డివిడెండ్లలో, వివరాలిస్తానని సంతకం పెట్టని బ్యాంకు అయితే 30 శాతం ముందే కోసేస్తాను అంది. అంతే. అమెరికా బాండ్లు, షేర్లు ముట్టకుండా ఏ పెద్ద బ్యాంకు బతుకుతుంది? కత్తి చూపించక్కర్లేదు, కోత రేటు చూపిస్తే చాలు.

దాన్ని చూసి మిగతా దేశాలు తయారుచేసుకున్నదే సీఆర్ఎస్, అంటే ఖాతాల వివరాలు ఏటా ఒకరికొకరు పంపుకునే ఉమ్మడి పద్ధతి. 2014 అక్టోబరులో బెర్లిన్‌లో 51 సంతకాలు, 2017లో మొదటి మార్పిడి, 2018లో స్విట్జర్లాండ్ వంతు. ఇప్పుడు మన ఉత్తరాల దగ్గరికి రా.

పాత ఖాతాల్లో ఎవరిది ఏ దేశమో పట్టుకోవడానికి బ్యాంకు తన కంప్యూటర్లో కొన్ని గుర్తులు వెతకాలి. బయటి దేశపు చిరునామా. అక్కడి ఫోన్ నంబరు మాత్రమే ఉండి, బ్యాంకున్న దేశపు నంబరు లేకపోవడం. ఆ దేశంలోని ఖాతాకి ఎప్పటికప్పుడు డబ్బు పంపుతూ ఉండమనే ఆదేశం. అక్కడుండే మనిషికిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ. ఇంకా, వేరే చిరునామా ఏదీ లేకుండా "ఉత్తరాలు మీ దగ్గరే ఉంచండి" అన్న ఆదేశం! ఇన్నాళ్లూ దాచింది ఏదో, అదే పట్టిస్తోంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే కదరా. ఆ ఉత్తరాల ఆదేశం ఒక్కటే దొరికి, మిగతా గుర్తులేవీ లేకపోతే బ్యాంకు కాగితాల ఫైలైనా తిరగెయ్యాలి, ఖాతాదారు దగ్గర నువ్వు ఏ దేశంలో పన్ను కడతావో రాసివ్వు అని సంతకమైనా తీసుకోవాలి. రెండూ కుదరకపోతే "వివరాలు తేలని ఖాతా" అని తన దేశపు పన్ను శాఖకే రాసి పంపాలి.

పది లక్షల డాలర్లు దాటిన ఖాతా అయితే మరీ కష్టం. కంప్యూటర్లో లేనివాటి కోసం గత అయిదేళ్ల కాగితాలు చూడాలి. అది కాక, ఆ ఖాతాదారుని చూసుకునే మేనేజరుని పిలిచి, "ఈయన ఎక్కడుంటాడో నీకు తెలుసా?" అని అడగాలి. నీకిది నవ్వొస్తుందో లేదో గానీ, గుట్టు కాపాడటానికి జీతం తీసుకున్న మనిషి నోటి నుంచే గుట్టు చెప్పించడం ఉంది చూశావూ, దీన్ని రాసినవాడెవడో బ్యాంకు లోపల పని చేసినవాడే అయ్యుండాలి.

తర్వాతి తంతు సాదా. పేరు, చిరునామా, పన్ను నంబరు, పుట్టిన తేదీ, ఖాతా నంబరు, ఏడాది చివరి నిల్వ, వడ్డీ, డివిడెండ్లు, అమ్మకాల డబ్బు. బ్యాంకు తన పన్ను శాఖకి, ఆ శాఖ తర్వాతి సెప్టెంబరులోపు అవతలి దేశానికి పంపుతుంది. ఖాతా ముందే మూసేసి తప్పించుకుందాం అనుకున్నా, మూసేసిన సంగతీ వెళ్తుంది. చెడేదెక్కడంటే, పన్ను నంబరు లేకపోయినా, పేరులో ముందూ వెనకా మారినా అవతలి కంప్యూటర్ ఆ రికార్డుని ఎవరికీ జతపరచలేదు, మూల పడేస్తుంది. ఇళ్లు, స్థలాలు అసలు లెక్కలోనే లేవు. డొల్ల కంపెనీ పేరున ఉంటే వెనకున్న మనిషిని, మామూలుగా 25 శాతం దాటిన వాటాదారుని, వెతకాలి. అదే కంపెనీ నిజంగా వ్యాపారం చేస్తోందని తేలితే వెనక్కి చూడక్కర్లేదు. అందుకే "వ్యాపారం చేస్తున్నాం" అనే పత్రం మీద అంత మోజు.

కేమన్ దీవుల్లో ఆదాయపు పన్నే లేదు కాబట్టి వాళ్లు సమాచారం పంపుతారు, తీసుకోరు. తీసుకుని ఏం చేసుకుంటారు! ఈ చిన్న దీవుల అక్కసు నాకు న్యాయంగానే అనిపిస్తుంది. 2000లో ఓఈసీడీ 35 పన్ను స్వర్గాల పేర్లు జాబితా కట్టి ప్రకటిస్తే, అందులో స్విట్జర్లాండ్ లేదు, లక్సెంబర్గ్ లేదు, ఇద్దరూ ఓఈసీడీ సభ్యులు మరి. ఇప్పుడు చూస్తే, అందరి నోరూ 30 శాతం చూపించి విప్పించిన అమెరికా సీఆర్ఎస్‌లో చేరనేలేదు. ఫాట్కా కింద తీసుకునేది చాలా, ఇచ్చేది తక్కువ. అక్కడి ఖాతాల్లో బయటివాళ్ల డబ్బు ఎంత సుఖంగా నిద్రపోతోందో నువ్వే ఊహించుకో. దీని మీద ఇంకో ఉత్తరం రాయాలి, అమెరికాలోని డెలావేర్ రాష్ట్రపు కంపెనీలతో మొదలుపెట్టి...

నంబరు ఖాతాలు ఉన్నాయి, సూరీ. తోటి గుమాస్తాకి పేరు తెలియదు, పన్ను శాఖకి తెలుసు. అక్కడే కాపురముండే స్విస్ పౌరుడికి మాత్రం సొంత దేశంలో పాత గుట్టు చాలావరకు అలాగే ఉంది, అదొక వింత.

కింద పోస్టు డబ్బా ఖాళీ చేసే టైమైంది, ఇది ఇప్పుడే వెయ్యకపోతే మళ్లీ సోమవారమే. పెట్టె సంగతి ఆమెకి చెప్పకు

నీ వాసు