అవి పిచ్చుకలు కావు

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి వారంలో మీ జిల్లా పేజీలో గుడి మండపానికి కట్టిన వరి కుచ్చు మీద వాలిన పక్షుల ఫొటో వేసి, కింద ‘పిచ్చుకల సందడి’ అని రాశారు. ఫొటో చక్కగా ఉంది. రాసిందే తప్పు. అందులో ఒక్క పిచ్చుకా లేదు. నల్లని తల, ఇటుక రంగు వీపు, తెల్లని పక్కలు, నీలి వెండి రంగులో లావు ముక్కు అంత స్పష్టంగా కనిపిస్తుంటే, అది నల్లతల మునియా అని చెప్పగలవారు మీ కార్యాలయంలో ఒక్కరూ లేరా? పక్కన కంకి పట్టుకుని తలకిందులుగా వేలాడుతున్నవి గిజిగాళ్లు. చలికాలంలో మగ గిజిగాడి తల మీది పసుపు రంగు పోయి, చూడటానికి ఆడపిచ్చుకలాగే ఉంటుంది. ముక్కు లావును బట్టి గుర్తుపట్టాలి.

కోతల వేళ కుచ్చులు అల్లి చూరుకు కట్టడం మా కోనసీమలో తాతల నాటి అలవాటు. ఇప్పుడు కోతలన్నీ యంత్రాలవి, కుచ్చుకు పనికివచ్చే పొడవాటి కంకులు దొరకడమే కష్టం. అయినా కడుతున్నాం, పక్షులూ వస్తున్నాయి. వాటి పేర్లే ఎవరికీ పట్టడం లేదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వచ్చే గూడబాతులనూ పెయింటెడ్ స్టార్క్ కొంగలనూ ఏటా ‘సైబీరియా అతిథులు’ అని రాస్తున్నారు. గూళ్లు కట్టి పిల్లలను పెంచేది ఇక్కడైతే సైబీరియా పక్షులు ఎలా అవుతాయి?

పేరు తప్పయితే నష్టమేమిటని అనుకోవద్దు. మా దగ్గర సంతలో ఇవే మునియాలను పంజరాల్లో కుక్కి, కొన్నిటికి ఆకుపచ్చ రంగు పూసి, ‘విదేశీ పిచ్చుకలు’ అని అమ్ముతున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని పట్టడం, అమ్మడం నేరం. ఫిర్యాదు చేయడానికి వెళితే ‘అవి పెంపుడు పిచ్చుకలే కదమ్మా’ అని పంపించేశారు. చట్టం అమలు చేయవలసినవారికే అడవి పక్షికీ పెంపుడు పక్షికీ తేడా తెలియకపోతే ఇక ఎవరితో చెప్పుకోవాలి? మార్చి 20న పిచ్చుకల దినోత్సవమని గూళ్లకు అట్టపెట్టెలు పంచుతూ అధికారులు ఫొటోలు దిగుతారు. అవన్నీ మీరు వేస్తారు. ఆ పంజరాల ఫొటో మాత్రం ఒక్కసారీ వేయలేదు.

అదే పేజీలో సవరణ వేయండి. మునియాను పట్టి అమ్మడం నేరమని కూడా అందులో రాయండి. మీ విలేకరిని పంపిస్తే సంతలో ఆ పంజరాలు ఎక్కడ పెడతారో నేనే దగ్గరుండి చూపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కోనసీమ