ఊదారంగు మూత ట్యూబులో మిగిలింది

గౌరవనీయులైన తెలంగాణ ఆరోగ్యశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, అనుమానం ఉన్నవాళ్లకి తుంటి ఎముకలోంచి మూలుగ తీసేటప్పుడు డాక్టరు పక్కన స్లైడ్లు పట్టుకుని నిలబడేది నేనే. మత్తు సూది వేసినా సరే, సిరంజి వెనక్కి లాగేటప్పుడు గట్టివాళ్లు కూడా ‘అమ్మా’ అంటారు. అలా తీసిన దాంట్లో కొంత స్లైడ్ల మీద పరుస్తాం, కొంత ఫ్లో సైటోమెట్రీకి (కణాల రకాన్ని లేజర్‌తో గుర్తుపట్టే పరీక్ష), కొంత జన్యు పరీక్షకి పంపిస్తాం. రిపోర్టు వెళ్లాక ఊదారంగు మూత ట్యూబు అడుగున మిగిలింది వేస్ట్‌లోకి పోతుంది. నా మనవి దాని గురించే.

కొత్త మందు రావాలంటే ముందు టార్గెట్ దొరకాలి సార్. కణంలో ఏ ప్రోటీన్‌ని కొడితే క్యాన్సర్ కూలుతుందో తెలియాలి. అది ఇలాంటి శాంపిళ్లలోనే బయటపడుతుంది. 1996లో జపాన్ పరిశోధకులు ఏఎంఎల్ (వేగంగా ముదిరే ఒక రకం లుకేమియా) రోగుల కణాలు పరీక్షిస్తే, ఎఫ్‌ఎల్‌టీ3 జన్యువులో ఒక ముక్క రెండుసార్లు కనిపించింది. ఎవరో కాలింగ్ బెల్ నొక్కి వేలు తీయకపోతే ఎలా ఉంటుందో, ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్ పని అలా ఉంటుంది, కణాన్ని పెరగమని ఆగకుండా చెబుతూనే ఉంటుంది. ఏఎంఎల్ వచ్చిన పెద్దవాళ్లలో పదిమందికి సుమారు ముగ్గురిలో ఈ జన్యువులో తేడా ఉంటుంది. ఆ ప్రోటీన్‌ని అడ్డుకునే మిడోస్టారిన్ మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది 2017లో. ఇరవై ఒక్క ఏళ్లు! మెనిన్ అనే ఇంకో ప్రోటీన్ మీద పనిచేసే రెవుమెనిబ్ మందుకి 2024లో వచ్చింది.

1947-48లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి ఇచ్చిన అమినోప్టెరిన్ మందు, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తయారుచేసిందే. పదహారుమందిలో పదిమందికి జబ్బు కొన్నాళ్లు తగ్గింది. ఏటా ఆయన ఫొటోకి దండలు వేస్తాం. దండ కన్నా ఒక ద్రవ నైట్రోజన్ ట్యాంకు కొంటే ఆయన ఎక్కువ సంతోషించేవారని నా అనుమానం.

ట్యాంకు ఎందుకంటే, ఏ జన్యువుని ఆపితే కణం చస్తుందో చూడాలంటే అది ముందు బతికుండాలి కదా. ద్రవ నైట్రోజన్ చలిలో సరిగ్గా దాస్తే కణాలు ఏళ్ల తరబడి బతికుంటాయి. మా డాక్టరమ్మ ఒకావిడ రోగుల అనుమతితో నలభై శాంపిళ్లు మామూలు డీప్ ఫ్రీజర్‌లోనే, కనీసం డీఎన్‌ఏ అయినా మిగులుతుందని దాచుకున్నారు. మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయింది. ఆ గదికి జనరేటర్ లైను లేదని పొద్దున తెలిసింది. ఆవిడ ఒక్కొక్క లేబులు చదువుతూ డబ్బాలో వేశారు.

లకడీకాపూల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హబ్సిగూడలో దిగితే, కణాల మీద, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ. వెతికే చేతులు అంత దగ్గర్లో ఉన్నాయి. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రుల్లో తీసే మూలుగలో మిగిలింది, రోగి ఒప్పుకుంటేనే, పేరు తీసేసి భద్రపరిచే ఒక బయోబ్యాంక్ పెట్టించండి. అంగీకార పత్రం తెలుగులో, ఉర్దూలో, ఒక్క పేజీకి మించకుండా ఉండాలి. దాన్ని నెమ్మదిగా చదివి వినిపించడానికి ఒక మనిషిని వేయండి. టెన్షన్‌లో ఉన్నవాళ్లు ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టేస్తారు, రోజూ చూస్తున్నాను. జనరేటర్ లైను సంగతి మాత్రం టెండర్‌లోనే రాయించండి.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్