పిల్లల రేడియోకి యాంటెన్నా కట్టుకోనివ్వండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

నేను బడిలో హ్యామ్ రేడియో క్లబ్ నడుపుతున్న ఉపాధ్యాయుణ్ణి. హ్యామ్ రేడియో అంటే లైసెన్స్ తీసుకుని, వ్యాపారం కోసం కాకుండా అభిరుచితో, దూరాన ఉన్నవాళ్లతో రేడియోలో మాట్లాడుకోవడం. విద్యార్థి క్లబ్‌ల పథకం గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ పథకం కింద మాకు రేడియో వచ్చింది, పవర్ సప్లై వచ్చింది, ప్రారంభోత్సవానికి మీరే వచ్చారు. పిల్లలు మీ పేరును మోర్స్ కోడ్‌లో కొట్టి వినిపిస్తే సంతోషించి, ఏం కావాలన్నా నేను చూసుకుంటానన్నారు. వాళ్లు అడిగింది ఒక్కటే, మేడ మీద యాంటెన్నా కట్టుకునే అనుమతి. అది ఇప్పటికీ రాలేదు.

యాంటెన్నా అనగానే పెద్ద టవర్ అనుకుంటున్నారేమో. 14 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మేం కట్టాలనుకున్న డైపోల్ అనే యాంటెన్నా అంటే సుమారు 10 మీటర్ల రాగి తీగ. సరిగ్గా మధ్యలో కోసి, అక్కడి నుంచి రేడియోకి కలిపే కోయాక్సియల్ కేబుల్ కిందికి దించుతాం. రెండు కొసలూ నైలాన్ తాళ్లతో లాగి కడతాం. కరెంటు తీగల దరిదాపుల్లోకి కూడా వెళ్లం. పిల్లలు లెక్కగట్టి, టంకం పెట్టి చేసిన ఆ తీగ చుట్టచుట్టి బీరువాలో పడి ఉంది.

అర్జీ పెడితే భవనాల విభాగం వాళ్లు విద్యుత్ భద్రత అధికారి సంతకం తెమ్మన్నారు. ఆయన ఇది తన పని కాదన్నారు. భవనాల విభాగం వాళ్లేమో పిడుగుల సంగతేమిటని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఎర్తింగ్ ఎక్కడ వేస్తామో, పిడుగు తాకిడిని నేలలోకి మళ్లించే అరెస్టర్ ఎక్కడ పెడతామో, ఉరుములు మొదలవకముందే కేబుల్ ఎలా విప్పేస్తామో బొమ్మ గీసి ఇచ్చాం. రసీదు ఇచ్చారు, జవాబు ఇవ్వలేదు. మళ్లీ అడిగితే ఫైలు మూసేశామని చెప్పి, కొత్త అర్జీ పెట్టమన్నారు. పెట్టాం. మళ్లీ పిడుగుల ప్రశ్నే వచ్చింది!

గదిలోనే కట్టుకోవచ్చుగా అని ఒక అధికారి సలహా ఇచ్చారు. కట్టి చూశాం సార్. ఇనుప చువ్వలున్న స్లాబు కింద, ఎల్ఈడీ లైట్లకీ చార్జర్లకీ మధ్య, దూరదేశాలను అందుకునే మా హెచ్‌ఎఫ్ రేడియో పెడితే వినిపించేది గరగర చప్పుడే. దూరదేశపు సన్నని సిగ్నల్ అందులో ఎలా దొరుకుతుంది?

ఫోన్లుండగా ఇదెందుకనీ అడిగారు. ఫోన్‌కి టవర్ కావాలి, టవర్‌కి కరెంటు కావాలి. 2004 డిసెంబర్‌లో సునామీ వచ్చి అండమాన్‌లో ఫోన్లు మూగబోయినప్పుడు, అప్పటికే హ్యామ్ ప్రసారాల కోసం అక్కడ ఉన్న హ్యామ్ ఆపరేటర్ భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్ నుంచి రేడియోలో సమాచారం అందించింది. అలాంటి పని నేర్చుకోవాలంటే రోజూ గాలిలోకి మాట్లాడాలి, అంతకన్నా ఎక్కువ వినాలి. రేడియో తరంగాలను తిరిగి భూమికి వంచే పై వాతావరణ పొర అయనోస్ఫియర్ గురించి పుస్తకంలో చదివిన పిల్లకి, పగలు వినిపించిన స్టేషన్ రాత్రికి ఎందుకు మాయమైందో చెవితో తెలియాలి. పైగా సూర్యుడి మీద మచ్చలు ఎక్కువగా ఉన్న కాలంలోనే 28 మెగాహెర్ట్జ్ లాంటి పై బ్యాండ్లు బాగా తెరుచుకుంటాయి, అంటే దూరాలకు వినిపిస్తాయి. సుమారు 11 ఏళ్ల ఆ చక్రంలో గరిష్ఠ దశ 2024లో వచ్చింది. ఫైలు ఆగినా సూర్యుడు ఆగడు కదా.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2000 నుంచి హ్యామ్ రేడియో ఉంది. వ్యోమగాములు బడి పిల్లల ప్రశ్నలకు జవాబులు చెబుతారు. కేంద్రం మన నెత్తిమీదుగా వెళ్లే దాదాపు 10 నిమిషాల్లోనే అంతా అయిపోవాలి. దానికి దరఖాస్తు పెడదామని పిల్లలు నా వెంటపడుతున్నారు. మేడ ఎక్కే అనుమతే లేని బడి ఏ ఏర్పాట్లు చూపించి దరఖాస్తు పెట్టాలి?

అన్నిటికన్నా బాధ ఏమిటంటే, క్లబ్ మొదలైనప్పుడు చేరిన పిల్లల్లో కొందరు లైసెన్స్ పరీక్ష పాసై, రేడియోలో తమను గుర్తించే సొంత కాల్‌సైన్ తెచ్చుకుని, క్లబ్ గది నుంచి ఒక్కసారి కూడా 'సీక్యూ' (ఎవరైనా వింటున్నారా) అని పిలవకుండానే బడి వదిలి వెళ్లిపోయారు. పోనీలెండి సార్ అని నన్నే ఓదార్చారు. వాళ్లకి ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఇప్పుడున్నవాళ్లు కూడా అలాగే వెళ్లిపోతారేమోనని టెన్షన్‌గా ఉంది.

అయ్యా, నిధులు అడగడం లేదు. తీగ ఉంది, తాడు ఉంది, లైసెన్స్ ఉన్న మనిషిని నేనున్నాను. మేడ మీద కట్టుకోవచ్చని ఒక్క ఉత్తర్వు ఇప్పించండి. ఎవరి సంతకం కావాలో తేల్చి, ఒక్కరికే ఆ బాధ్యత అప్పగించండి. కుదరదంటారా, ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పించండి. తప్పుంటే దిద్దుకుని మళ్లీ వస్తాం. మీరు మాటిచ్చింది పిల్లలకి, దయచేసి ఈ విద్యా సంవత్సరం ముగిసేలోపే జవాబు ఇప్పించండి.

ఇట్లు,
మీ విధేయుడు,
పాఠశాల హ్యామ్ రేడియో క్లబ్ బాధ్యుడు