ఫ్రీ నెత్తిన ఆ స్టార్ ఎందుకు?

సంపాదకుడు గారికి నమస్కారం.

పేపర్లో యాడ్స్ చూస్తే ఫ్రీ అనే మాట అరపేజీ ఉంటుంది, దాని నెత్తిన ఓ స్టార్ గుర్తు, అదేంటా అని కింద వెతికితే చీమ తలకాయంత అక్షరాల్లో షరతులు. అమెరికాలో వ్యాపార మోసాల మీద కన్నేసి ఉంచే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ ఒక్క మాట వాడకం మీదే 1971లో ఒక గైడ్ పెట్టింది, షరతులుంటే మొదట్లోనే ఆఫర్ పక్కనే చెప్పాలి, స్టార్ పెట్టి అడుగున రాస్తే చెప్పినట్టు కాదు అని అందులో ఉంది. మరి మన దగ్గర స్టార్ లేని ఫ్రీ ఎక్కడైనా కనపడుతోందా?

అసలు ఈ మాటతో గొడవేంటంటే ఊరికే వస్తుంది అనేది దానికున్న అర్థాల్లో ఒకటి మాత్రమే. ఫ్రీగా ఉన్నావా అంటే ఖాళీయా అని, ఫ్రీ స్పీచ్ అంటే స్వేచ్ఛ. రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికా ప్రోగ్రామర్ 1980ల్లో, ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగలిగే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలెట్టాడు కదా, ఇది ఉచితం గురించి కాదు స్వేచ్ఛ గురించి అని ఇప్పటికీ చెప్పుకోవాల్సి వస్తోంది పాపం. టోల్ ఫ్రీ కూడా నిజానికి ఊరికే వచ్చేది కాదు, ఆ కాల్‌కి డబ్బులు మనం కట్టం, అవతలివాళ్లు కడతారు.

నాకు భయం వేసేది మాత్రం షుగర్ ఫ్రీ దగ్గర. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల ప్రకారం 100 గ్రాముల్లో చక్కెరలు 0.5 గ్రాము మించకపోతే ఆ మాట వేసుకోవచ్చు, అది సరే, కానీ బిస్కెట్లో పంచదార లేకపోయినా పిండి ఉంటుంది కదండీ, అరిగాక అది అయ్యేది గ్లూకోజే, షుగర్ ఉన్నవాళ్లు ప్యాకెట్ మీద మాట చూసి ధైర్యంగా లాగించేస్తుంటారు.

ఇంకో తమాషా, ఫ్రీకి సంస్కృతంలో ప్రియకి మూలం ఒకటేనట. మనకి ప్రియం అంటే ఖరీదెక్కువ అని కూడా! ఫ్రీ ట్రయల్ అని ముందే కార్డు నంబర్ తీసుకుని, గడువు దాటగానే చప్పుడు లేకుండా డబ్బులు లాగేసే యాప్‌లకి ఈ అర్థమే కరెక్టుగా సరిపోతుంది.

కాబట్టి నేను అడిగేది ఒకటే, యాడ్ తీసుకునేటప్పుడే ఏది ఫ్రీ, ఎన్నాళ్లు ఫ్రీ, దానికోసం ఇంకేం కొనాలి అనేది ఆ మాట పక్కనే, కళ్లజోడు లేకుండా చదవగలిగే సైజులో వేయమని యాడ్ ఇచ్చేవాళ్లకి చెప్పండి. ఒప్పుకోకపోతే ఆ స్టార్ అయినా ఫ్రీ అంత పెద్దగా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు